1990 ఆర్‌ఎక్స్-7కు టర్బో: విరిగిన ఒక సీలు, ఆరు గదుల కొలతలు

కారు 1990 మాజ్డా ఆర్‌ఎక్స్-7. టర్బో లేని 13బి ఇంజన్. ఇది రోటరీ, అంటే పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్లు తిరిగే రకం. 654 సీసీ గదుల రోటర్లు రెండు, సంపీడన నిష్పత్తి 9.7, కంపెనీ లెక్కలో 160 హార్స్‌పవర్. పని జరిగిన చోటు డాలస్ పక్కన ఉన్న మా ఇంటి గ్యారేజీ. లక్ష్యం 7 పీఎస్ఐ బూస్టు (ఎగ్జాస్టు వాయువుతో తిరిగే టర్బో అదనంగా తోసే గాలి పీడనం), సుమారు 240 హార్స్‌పవర్. ఆ తర్వాత కూడా కారు రోజూ ఆఫీసుకు రావాలి.

టర్బో బిగిస్తే రోటరీ ఇంజన్ బతకదనే మాట చాలామంది నోట విన్నాను. మాజ్డా 1982లోనే కాస్మోలో 12ఏ టర్బో ఇంజన్ పెట్టి అమ్మింది. అందుకే ఆ మాటను ఉన్నపళంగా ఒప్పుకోలేదు. నా ఇంజన్ 2,350 మైళ్లకు విరిగింది. దాన్ని విప్పి మళ్లీ కట్టాక అదే బూస్టుతో 11,200 మైళ్లు నడిచింది, ఇంకా నడుస్తోంది. ఈ రెండింటి మధ్య ఏం మారిందో ఇదే దారిలో వెళ్లేవారికి పనికొస్తుందని కొలతలతో సహా రాస్తున్నాను.

దశ 1: ముట్టుకోకముందు కొలత

రోటరీకి మామూలు కంప్రెషన్ గేజీ సరిపోదు. ఒక్కో రోటరుకు మూడు ముఖాలు, అంటే మూడు గదులు. గదుల నుంచి వాయువు కారకుండా ఆపేవి రోటరు అంచుల్లోని సన్నని పట్టీలు, అవే సీళ్లు. మామూలు గేజీ మూడింటిలో గట్టిగా ఉన్న గది పీడనాన్నే పట్టి నిలుపుతుంది, మిగతా రెండూ చచ్చినా చెప్పదు. నేను 200 పీఎస్ఐ వరకు చదివే పీడన సెన్సారును పాత ప్లగ్గు గుల్లలో బిగించి, చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలిపాను. షాఫ్టు ఒక చుట్టు తిరిగితే ఒక పీడన శిఖరం వస్తుంది. వరుసగా మూడు శిఖరాలు చూస్తే ఒక రోటరు లెక్క పూర్తవుతుంది.

1. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఆపాలి.
2. ఇంధనం, ఇగ్నిషన్ రెండింటి ఫ్యూజులు తీయాలి.
3. కొలిచే రోటరు కింది ప్లగ్గు తీసి సెన్సారు బిగించాలి.
4. యాక్సిలరేటర్ నేలకు ఆనేదాకా తొక్కి పట్టి, 8 సెకన్లు స్టార్టరు తిప్పాలి.
5. బ్యాటరీకి చార్జరు తగిలించే ఉంచాలి. వేగం తగ్గితే పీడనం తగ్గినట్టు కనిపిస్తుంది.

ప్రమాణం నిమిషానికి 250 చుట్లు. నా స్టార్టరు 228 తిప్పుతోంది కాబట్టి కింది అంకెలన్నీ 250కి సరిచేసినవి. ఈ ఇంజన్‌కు కనీస పరిమితి 85 పీఎస్ఐ. ఒకే రోటరు గదుల మధ్య తేడా 21 దాటకూడదు.

ఓడోమీటరు 1,18,400 మైళ్లు. ముందు రోటరు: 108, 107, 105. వెనక రోటరు: 104, 101, 104.

ఈ ఆరు అంకెలు బాగా లేకపోతే టర్బో ఆలోచన అక్కడితో ఆపేవాడిని. అరిగిన ఇంజన్‌కు టర్బో తగిలిస్తే తర్వాత ఏది దేనివల్ల పోయిందో తేల్చుకోలేం.

డాష్‌బోర్డులోని ఉష్ణోగ్రత ముల్లు చాలా ఆలస్యంగా కదులుతుంది. దాన్ని వదిలేసి నీటికి, నూనెకు, లోపలికి వెళ్లే గాలికి విడివిడి సెన్సార్లు పెట్టాను. ఎగ్జాస్టులో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సారు కూడా వచ్చింది, గాలి-ఇంధన నిష్పత్తి చదివేది అదే. పాత నీటి గొట్టాలు, థర్మోస్టాట్ మార్చాను.

మొత్తం: 640 డాలర్లు, 22 గంటలు.

దశ 2: టర్బో కూర్చోబెట్టడం

ఈ ఇంజన్‌ను 1.3 లీటర్లని చూసి టర్బో కొనకూడదు. షాఫ్టు ఒక్క చుట్టులో 1,308 సీసీ గాలి మింగుతుంది. నాలుగు స్ట్రోకుల పిస్టన్ ఇంజన్ అంత గాలి పీల్చాలంటే 2.6 లీటర్లు ఉండాలి. పైగా ఎగ్జాస్టుకు కవాటాలు లేవు. రంధ్రం ఒక్కసారిగా తెరుచుకుని వేడి వాయువు తోసుకు వస్తుంది. టర్బోను తిప్పడానికి ఇది ఎంత మేలో, టర్బోను అదుపులో పెట్టడానికి అంత కష్టం. ఆ రెండో సగం నాకు దశ 4లో గాని తెలిసిరాలేదు.

నేను పెట్టింది పాత కారు నుంచి తీసిన టర్బో, వేస్ట్‌గేటు లోపలే ఉన్న రకం. బూస్టు హద్దు దాటకుండా ఎగ్జాస్టును టర్బో చక్రం (టర్బైను) పక్కనుంచి మళ్లించే తలుపు అది. ఎగ్జాస్టును టర్బోకు చేర్చే మానిఫోల్డు మైల్డ్ స్టీలు గొట్టాలతో నేనే వెల్డింగ్ చేశాను. గాలిని కొలిచే పాత మీటరు తీసేసి, లోపలికి గాలి వెళ్లే మానిఫోల్డు పీడనం చదివే స్వతంత్ర ఇ.సి.యు. (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు) పెట్టాను.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. 1989 నుంచి వచ్చిన ఆర్‌ఎక్స్-7లో సీళ్లకు నూనె అందించే పంపును అసలు ఇ.సి.యు. విద్యుత్తుతో నడుపుతుంది. నేను కొన్న ఇ.సి.యు.కు దాన్ని నడపడం రాదు. పంపు తీసేసి రంధ్రాలు మూశాను. ఇక నూనె పెట్రోలులోనే కలపాలి. లీటరుకు 8 మి.లీ. తక్కువ బూడిద మిగిల్చే టూ-స్ట్రోక్ నూనె. 40 లీటర్లు పోయిస్తే 320 మి.లీ. ముందే కొలిచి నింపిన సీసాలు డిక్కీలో ఎప్పుడూ నాలుగు ఉంటాయి. ఒకసారి బంకు దగ్గర ఫోను మాట్లాడుతూ నూనె పోయడం మరిచి 30 మైళ్లు నడిపాను. ఆ రోజు నుంచి పెట్రోలు మూతకు ఎర్ర దారం కట్టి, దాని రెండో కొసను సీసాల డబ్బాకు ముడివేశాను.

మొదటి వైఫల్యం రెండో రోజే వచ్చింది. ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే నీలి పొగ. సీళ్లు పోయాయనుకుని భయపడ్డాను. కంప్రెషన్ కొలిస్తే అంకెలు మారలేదు. కారణాలు రెండు దొరికాయి.

1. 13బి నూనె పీడనం 3,000 చుట్ల దగ్గర 70 పీఎస్ఐ దాకా ఉంటుంది. టర్బోకు వెళ్లే దారిలో దాన్ని తగ్గించేది ఏదీ పెట్టలేదు. 1.5 మి.మీ. రంధ్రం ఉన్న బిళ్ల పెట్టాను.
2. టర్బో నుంచి సంపుకు (ఇంజన్ అడుగున నూనె తొట్టికి) దిగే నూనె గొట్టం ఒకచోట దాదాపు అడ్డంగా పడుకుంది. అక్కడ నూనె నిలిచి టర్బో సీలు దాటి ఎగ్జాస్టులోకి పోతోంది. సంపు విప్పి, నూనె మట్టానికి పైన కొత్త బుష్ వెల్డింగ్ చేయించాను. గొట్టం లోపలి వ్యాసం 12 నుంచి 19 మి.మీ.కి పెంచి, పొడవునా కిందికి వాలేలా పెట్టాను.

పొగ ఆగింది. ఈ పనికి మూడు శనివారాలు పట్టాయి. మొదటే సంపు విప్పి ఉంటే ఒక్క శనివారం సరిపోయేది.

ఇంధనం విషయంలో కాగితం మీద లెక్క వేశాను. బూస్టులో రోటరీకి హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 295 గ్రాముల పెట్రోలు కావాలనుకుంటే, 240 హార్స్‌పవర్‌కు నిమిషానికి దాదాపు 1,600 సీసీ. నాలుగు పాత ఇంజెక్టర్లు తలా 460 చొప్పున 1,840 ఇస్తాయి. వాడకం 87 శాతం. సరిపోతుందనుకున్నాను. బూస్టు 7 దగ్గర ఆగితేనే ఆ లెక్క నిజమవుతుందని ఆ రోజు డైరీలో రాసుకోలేదు.

మొదటి నుంచి మొత్తం: 3,040 డాలర్లు, 92 గంటలు.

దశ 3: వేడి

జులైలో మధ్యాహ్నం 39 డిగ్రీలు. హైవే మీద గంటకు 70 మైళ్లు, బూస్టు లేకుండా. నీరు 104 డిగ్రీలు, నూనె 117. రోటరీలో ఈ అంకెలు పిస్టన్ ఇంజన్‌లో కన్నా ఎక్కువ భయపెట్టాలి. రోటరు తిరిగే అల్యూమినియం గూళ్లకు (హౌసింగులకు), వాటి పక్కల ఇనుప పలకలకు మధ్య రబ్బరు నీటి సీళ్లు ఉంటాయి. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే అవి గట్టిపడతాయి, ఆపై నీరు గదుల్లోకి దిగుతుంది. నూనె కూడా కందెనగా మాత్రమే పనిచేయదు, రోటర్లను లోపలి నుంచి చల్లబరిచేది అదే.

పెద్ద అల్యూమినియం రేడియేటరు కొన్నాను. నీరు 104 నుంచి 101కి దిగింది. 340 డాలర్లకు మూడు డిగ్రీలు.

కారు కింద మట్టికవచాన్ని పాత యజమాని ఎప్పుడో తీసేశాడు. అల్యూమినియం రేకు కత్తిరించి ఒకటి చేశాను. ఇంటర్‌కూలరుకు, రేడియేటరుకు మధ్య పక్కలన్నీ (ఇంటర్‌కూలరు టర్బో గాలిని చల్లబరిచేది) రేకుతో, స్పాంజి పట్టీతో మూశాను. అదే రోడ్డు, అదే వేగం, 38 డిగ్రీల ఎండ. నీరు 92, నూనె 104. గాలికి పక్కదారి దొరికితే అది రేడియేటరు గుండా పోదు. ఇది ముందు చేసి ఉంటే ఆ రేడియేటరు కొనే పని ఉండేది కాదు. మీరు కొనకండి. ముందు సందులు మూయండి, తర్వాత కొలవండి.

900 మైళ్ల దగ్గర మానిఫోల్డు పగిలింది. రెండు గొట్టాలు కలిసే చోట, వెల్డింగ్ పక్కన, గోరుమందం చీలిక. అక్కడ ఎగ్జాస్టు వేడి 910 డిగ్రీలు చూశాను. మైల్డ్ స్టీలు అంత వేడిలో మెత్తబడుతుంది, పైగా టర్బో బరువంతా ఆ అతుకు మీదే వేలాడుతోంది. చీలికను మళ్లీ వెల్డింగ్ చేసి, టర్బో కింద నుంచి ఇంజన్ దిమ్మకు ఒక ఊతకమ్మీ పెట్టాను. అప్పటికి సరిపోయింది.

అదే వారం ఎగ్జాస్టు గొట్టాన్ని 60 మి.మీ. నుంచి 76 మి.మీ.కి మార్చాను. టెక్సాస్‌లో 24 ఏళ్లు దాటిన కార్లకు పొగ పరీక్ష లేదు. అయినా క్యాటలిటిక్ కన్వర్టరు తీయలేదు, మెటల్ కోరు ఉన్న పెద్దది పెట్టాను. కారు హాయిగా ఊపిరి తీసుకున్నట్టు అనిపించింది. బూస్టు 7 బదులు 7.8 చూపించింది. ఎండ రోజుల్లో అంతకు మించలేదు కాబట్టి పట్టించుకోలేదు.

1,900 మైళ్ల దగ్గర కంప్రెషన్. ముందు: 107, 106, 105. వెనక: 103, 101, 103. అంటే ఈ 1,900 మైళ్లలో టర్బో వల్ల సీళ్లు అరిగిన జాడ లేదు. తర్వాత జరిగింది అరుగుదల వల్ల కాదనడానికి ఈ కొలతే నాకు ఆధారం.

మొదటి నుంచి మొత్తం: 3,605 డాలర్లు, 110 గంటలు.

దశ 4: జనవరి రాత్రి

బయట 3 డిగ్రీలు. ఖాళీ సర్వీసు రోడ్డు మీద మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. 6,200 చుట్ల దగ్గర చిన్న టప్ మన్న శబ్దం. కాలు తీసేసరికి ఇంజన్ కుంటుతోంది. ఐడిల్ నిలవలేదు. ఎగ్జాస్టు నుంచి ఒకటి విడిచి ఒకటి ఊదుతున్నట్టు చప్పుడు.

ఆ పరుగు లాగ్‌లో (ఇ.సి.యు. నమోదు చేసిన కొలతల్లో) చివరి 1.4 సెకన్లు ఇలా ఉన్నాయి. నిష్పత్తి అంకె పెరిగితే గాలికి తగ్గ పెట్రోలు అందట్లేదని అర్థం.

4,800 చుట్లు: బూస్టు 7.9, గాలి-ఇంధన నిష్పత్తి 11.3.
5,500 చుట్లు: బూస్టు 9.6, నిష్పత్తి 11.7.
6,200 చుట్లు: బూస్టు 11.8, నిష్పత్తి 12.9.

మరునాడు కంప్రెషన్. ముందు: 106, 104, 105. వెనక: 96, 31, 28.

పక్కపక్క గదులు రెండూ పడిపోయి మూడోది బాగుంటే, ఆ రెండింటి మధ్య, రోటరు మూలనున్న ఎపెక్స్ సీలు విరిగిందని అర్థం. ఒక్క గదే పడిపోతే రోటరు పక్క ముఖం మీది సైడ్ సీలును అనుమానించాలి. ఇంజన్ విప్పకముందే ఈ మాట చెప్పగలిగే కొలత ఇదొక్కటే. దశ 1లో సెన్సారు తయారీకి పెట్టిన సాయంత్రం ఇక్కడ పనికొచ్చింది.

బూస్టు ఎందుకు పెరిగిందో లాగే చెప్పింది. వేస్ట్‌గేటు పూర్తిగా తెరుచుకున్నా దాని రంధ్రం చిన్నది. ఎగ్జాస్టు గొట్టం వెడల్పు చేశాక టర్బైను వెనక పీడనం తగ్గింది, వాయువు ఎక్కువగా టర్బైను గుండానే పోయింది. చలిగాలి చిక్కన కాబట్టి ఎగ్జాస్టు పరిమాణమూ పెరిగింది. వేసవిలో 7.8 దగ్గర నేను చూసింది ఈ పెరుగుదల మొదటి మెట్టే.

ఇంధనం ఎందుకు చాలలేదన్నది అంత సులభంగా తేలలేదు. 11.8 పీఎస్ఐ దగ్గర ఇంజన్ సుమారు 290 హార్స్‌పవర్ ఇస్తుందనుకుంటే నిమిషానికి 1,930 సీసీ కావాలి. ఉన్నవి 1,840. ఈ లోటు 5 శాతం. కానీ 9.6 దగ్గర ఇంజెక్టర్లకు ఇంకా ఊపిరి ఉండాలి, అప్పటికే నిష్పత్తి జారడం మొదలైంది.

మా మామయ్యది విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు. చిన్నప్పుడు ప్లగ్గు రంగు చూసి ఇంజన్ ఆరోగ్యం చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. వాట్సాప్‌లో లాగ్ పంపి ఫోను చేశాను. ఆయనకు రోటరీ తెలియదు, పంపులు తెలుసు.

"పంపుకు ఓల్టేజీ ఎంత వస్తోంది నాన్నా?"

"13.8 ఉంది మామయ్యా."

"అది ఎక్కడ కొలిచావు? బ్యాటరీ దగ్గరా, పంపు టెర్మినల్ దగ్గరా?"

బ్యాటరీ దగ్గర. వెనక సీటు కింద నుంచి తీగ లాగి పంపు టెర్మినల్ దగ్గర, అంతే పీడనం పెట్టి కొలిచాను. 10.9 ఓల్టులు. ముప్పై ఏళ్ల నాటి సన్న తీగ, దారిలో పాచిపట్టిన కనెక్టరు. బూస్టు పెరిగిన కొద్దీ పంపు ఎక్కువ పీడనానికి ఎదురు తోయాలి, ఎక్కువ కరెంటు లాగాలి, అప్పుడే దానికి ఓల్టేజీ పడిపోతోంది.

మూడో తప్పు పూర్తిగా నా చేతిది. బూస్టు మితిమీరితే ఇంధనం ఆపేసే హద్దు ఇ.సి.యు.లో ఉంది. టెస్టింగ్‌లో అడ్డు రాకూడదని దాన్ని 14కి పెట్టాను. 9 దగ్గర ఉండి ఉంటే ఆ రాత్రి ఇంజన్ ఒక్కసారి తడబడి ఆగేది, సీలు మిగిలేది.

దశ 5: విప్పడం, కొలవడం, కట్టడం

ఫ్లైవీలు నట్టు 54 మి.మీ. దాన్ని విప్పడానికి మూడు అడుగుల పట్టీ మీద నాలుగు అడుగుల పైపు తొడగాల్సి వచ్చింది. ఫ్లైవీలు కదలకుండా పట్టే స్టాపరు తప్పనిసరిగా కొనండి, గేరు వేసి పట్టుకుందామని చూడకండి.

వెనక రోటరు ఎపెక్స్ సీలు మూడు ముక్కలైంది. ఒక ముక్క హౌసింగ్ క్రోము పూతను నిలువునా గీసి, ఎగ్జాస్టులోంచి పోతూ టర్బైను రెండు రెక్కల అంచులు కొరికింది. సీలు గాడి ఒక చివర నలిగింది. అంటే ఆ ఒక్క సీలుతో రోటరు, హౌసింగ్, టర్బో మూడూ పోయాయి. పిస్టన్ ఇంజన్ ఒకటి రెండు నాకింగ్ దెబ్బలు (పెట్రోలు అదుపు తప్పి పేలే దెబ్బలు) ఓర్చుకుంటుంది. ఇక్కడ ఆ దెబ్బ తగిలేది 2 మి.మీ. మందం ఉన్న సన్నని పట్టీకి.

1960లలో మాజ్డా రోటరీ ఇంజనీరు కెనిచి యమమోతో బృందాన్ని హిరోషిమాలో వేధించిన అలల గీతలు, వాళ్లు 'దయ్యపు గోళ్లు' అన్నవి, ముందు హౌసింగ్‌లో ఉన్నాయేమోనని దీపం అడ్డంగా పెట్టి వెతికాను. ఒక్కటీ లేదు. 1,20,000 మైళ్లు దాటిన క్రోము అద్దంలా ఉంది. టర్బోతో నడిచిన మైళ్లు కూడా దాని మీద గుర్తు వదల్లేదు.

మిగతా కొలతలు:

1. ముందు రోటరు ఎపెక్స్ సీళ్ల ఎత్తు 7.3, 7.3, 7.2 మి.మీ. కొత్తది 8.0, పరిమితి 6.5.
2. ఇనుప పలకల మీద మెట్టు అరుగుదల అత్యధికంగా 0.05 మి.మీ. పరిమితి 0.10.
3. సైడ్ సీలుకు, దాని చివర రోటరు మూలనున్న కార్నర్ సీలుకు మధ్య సందు 0.22 నుంచి 0.30. కొత్తగా 0.05 నుంచి 0.15 ఉండాలి.
4. కట్టాక షాఫ్టు చివరి కదలిక 0.06 మి.మీ. ఉండాల్సింది 0.04 నుంచి 0.07.

ఎపెక్స్ సీళ్ల ఎంపికలో వారం గడిచింది. విరగకుండా వంగే మెత్తటి ఉక్కు సీళ్లు మార్కెట్లో ఉన్నాయి. నాకింగ్ తగిలితే అవి ముక్కలై టర్బోను తినవు. కానీ హౌసింగును త్వరగా అరగదీస్తాయి, చలిలో కంప్రెషన్ కూడా తగ్గుతుంది. కంపెనీ సీళ్లు పెళుసు, కానీ హౌసింగుతో కలిసి లక్ష మైళ్లు నడుస్తాయి. ట్యూనింగ్ తప్పును సీలు భరించాలని కోరడం నాకు సబబుగా తోచలేదు. ఆ తప్పే జరగకుండా హద్దులు పెట్టి, కంపెనీ సీళ్లే వేశాను. రేసు కారు కడుతుంటే వేరేలా ఆలోచించేవాడినేమో.

సంపీడన నిష్పత్తి 9.7ను 9.0కు దించమని చాలామంది సలహా ఇచ్చారు. టర్బో మోడల్ రోటర్లు వేయాలంటే వాటికి సరిపడే బ్యాలెన్సు బరువులూ మార్చాలి. లాగ్ చూస్తే సీలును విరిచింది 9.7 కాదు, 11.8 పీఎస్ఐ దగ్గర 12.9 నిష్పత్తి. బరువు తరగతి కలిసే అదే రకం రోటరు ఒకటి దొరికింది. 9.7తోనే కట్టాను.

సైడ్ సీళ్లు ఒక్కొక్కటీ కార్నర్ సీలుకు ఆనించి, సానరాయి మీద రుద్ది 0.06కు తెచ్చాను. పన్నెండు సీళ్లకు ఐదు గంటలు. ఒకటి ఎక్కువ అరిగి 0.19 అయింది, పారేసి కొత్తది తీశాను.

మొదటి నుంచి మొత్తం: 5,635 డాలర్లు, 174 గంటలు.

దశ 6: ఏం మార్చాను, ఎందుకు మార్చాను

బూస్టు అదే 7. చుట్టూ ఉన్నవే మారాయి.

వేస్ట్‌గేటు: బయట అమర్చే 44 మి.మీ. రకం. దానికి వెళ్లే గొట్టం రెండు ఎగ్జాస్టు దారులు కలిసిన తర్వాత, వాయువు నేరుగా దూసుకొచ్చే కోణంలో తీశాను. మానిఫోల్డు ఈసారి మందపాటి స్టెయిన్‌లెస్ గొట్టం, ఊతకమ్మీ మొదటి నుంచే. కొత్త టర్బో బాల్ బేరింగు రకం, నూనె దారిలో 0.9 మి.మీ. బిళ్లతో. డిసెంబరులో 4 డిగ్రీల చలిలో అదే రోడ్డు మీద 7,000 చుట్ల దాకా చూశాను. బూస్టు 7.0 నుంచి 7.3 మధ్యే నిలిచింది.

ఇంధనం: ముందు జత ఇంజెక్టర్లు 550, రెండో జత 1,000. మొత్తం 3,100 సీసీ. 240 హార్స్‌పవర్‌కు వాడకం 52 శాతం. గంటకు 255 లీటర్ల పంపు, బ్యాటరీ నుంచి నేరుగా 5 చదరపు మి.మీ. తీగ, మధ్యలో రిలే, ఫ్యూజు. పంపు టెర్మినల్ దగ్గర పూర్తి భారంలో 13.5 ఓల్టులు. ఆ కొలత ఫొటో మామయ్యకు పంపాను. తీగ రేకు అంచుకు ఎక్కడ తగులుతుందో చూసి రబ్బరు గ్రామెట్ వేయమని జవాబిచ్చారు. ఒకచోట నిజంగానే తగులుతోంది.

ఇగ్నిషన్: నాలుగు ప్లగ్గులూ 9 నంబరు చల్లటి రకం. 7 పీఎస్ఐ దగ్గర కింది ప్లగ్గు నిప్పు వేసేది 14 డిగ్రీల ముందు, పైది దానికి 12 డిగ్రీలు వెనక. ఇంకో మూడు డిగ్రీలు ముందుకు జరిపితే 8 హార్స్‌పవర్ వచ్చింది. వెనక్కి తెచ్చేశాను. గది పొడవుగా, పల్చగా ఉండి కదులుతూ మండే ఈ ఇంజన్‌లో ఆ మూడు డిగ్రీల లాభం కన్నా సీళ్ల భద్రత విలువైనది.

హద్దులు, ఇవి అన్నిటికన్నా ముఖ్యం:

1. బూస్టు 9 దాటితే ఇంధనం, ఇగ్నిషన్ రెండూ ఆగుతాయి.
2. బూస్టులో నిష్పత్తి 11.8 దాటి 0.2 సెకను ఉంటే ఆగుతాయి. లక్ష్యం 11.2.
3. ఇంధన పీడనం, మానిఫోల్డు పీడనం మధ్య తేడా 10 శాతం తగ్గితే ఆగుతాయి. దీనికి విడిగా ఒక పీడన సెన్సారు పెట్టాను.
4. నీరు 102, నూనె 115 డిగ్రీలు దాటితే బూస్టు వేస్ట్‌గేటు స్ప్రింగు కనిష్ఠానికి, అంటే 5కి పడిపోతుంది.

ప్రతి హద్దునూ కావాలని దాటించి పరీక్షించాను. మూడోది పరీక్షించడానికి ఐడిల్‌లో పంపు ఫ్యూజు లాగాను. మొదటిసారి పనిచేయలేదు. సెన్సారు అమరికలో ఒక అంకె తప్పు పడింది. పరీక్షించకుండా వదిలేసి ఉంటే ఆ హద్దు పేరుకే మిగిలేది.

మొదటి నుంచి మొత్తం: 8,135 డాలర్లు, 226 గంటలు.

దశ 7: మైళ్లు

మొదటి 1,000 మైళ్లు 4,000 చుట్లు దాటలేదు, బూస్టు ముట్టుకోలేదు. కొత్త సీళ్లు హౌసింగుకు పొందడానికి సమయం కావాలి. 300 మైళ్ల అంకెలు చూసి కంగారుపడొద్దు.

300 మైళ్లు. ముందు: 98, 97, 99. వెనక: 94, 96, 95.
1,500 మైళ్లు. ముందు: 112, 111, 111. వెనక: 110, 109, 110.
6,000 మైళ్లు. ముందు: 113, 112, 111. వెనక: 110, 110, 109.
11,200 మైళ్లు. ముందు: 111, 111, 110. వెనక: 109, 107, 108.

ఈ 11,200 మైళ్లలో హద్దులు నాలుగుసార్లు ఇంజన్‌ను ఆపాయి. రెండుసార్లు వేస్ట్‌గేటుకు వెళ్లే సన్న రబ్బరు గొట్టం వేడికి పగిలి బూస్టు 9 దాటింది. దాని బదులు సిలికాన్ గొట్టం వేసి, పైన వేడి కవచం తొడిగాను. ఒకసారి ఇంధన ఫిల్టరు మూసుకుపోయి పీడనం తగ్గింది. ఇంకోసారి ఎందుకో ఇప్పటికీ తేలలేదు. లాగ్‌లో నిష్పత్తి ఒక్క క్షణం 12.4కు ఎగిరి దిగింది. ఆక్సిజన్ సెన్సారు పాతబడిందని మార్చాను, మళ్లీ రాలేదు. ఈ నాలుగింటిలో కనీసం మూడు, హద్దులు లేని పాత ఇంజన్‌ను దశ 5కు పంపగలిగినవే.

నడిపే ఖర్చు: ఇంజన్ నూనె 3,000 మైళ్లకు, ప్లగ్గులు 5,000కు. హైవే మీద గ్యాలనుకు 19 మైళ్లు, టర్బోకు ముందు 21 వచ్చేది. ఏడాదికి ఒకసారి నీటి వ్యవస్థకు 15 పీఎస్ఐ పెట్టి రాత్రంతా వదిలి, తెల్లారి కింది ప్లగ్గులు తీసి తడి చూస్తాను. ఇప్పటిదాకా పొడిగానే ఉన్నాయి.

వెనక రోటరు రెండో గది 107 మీద ఒక కన్ను వేసి ఉంచాను. 5,200 మైళ్లలో మూడు పాయింట్లు దిగింది, మిగతా ఐదు ఒకటి రెండు పాయింట్లే దిగాయి. ఆ గది సైడ్ సీళ్లలో ఒకటి, 0.19 అయిందని పారేసినదాని బదులు వేసినది, 0.09 దగ్గర ఆపాను. మిగతావన్నీ 0.06. 15,000 మైళ్ల దగ్గర మళ్లీ కొలుస్తాను.